గుర్తు లేని చొక్కాలు

మా మేనత్త లాండ్రీ పోలీస్ స్టేషనుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. మధ్యలో రోడ్డు, అంతే. ఇరవై ఆరేళ్లపాటు ఆ స్టేషనులో పనిచేసినవాళ్ల యూనిఫాంలన్నీ ఆవిడ చేతుల మీదుగానే నడిచాయి. కొత్తగా వచ్చిన ప్రతి చొక్కాకీ కాలరు లోపలి వైపు చెరగని నల్ల సిరాతో ఒక అక్షరం, ఒక అంకె వేసేది. ఒకరి చొక్కా ఇంకొకరికి పోకుండా అది ఆవిడ పెట్టుకున్న గుర్తు. బదిలీ మీద ఎవరొచ్చినా మొదటి వారంలోనే వాళ్ల కాలరు మీద ఆ సిరా పడాల్సిందే. స్టేషనులో అందరికీ ఆవిడ ‘లాండ్రీ అక్క’.

మరకని చూసి మనిషిని చదవడం అత్తకి అలవాటు. ఒకసారి ఒక కానిస్టేబులు చొక్కా జేబు తిరగేసి, “ఏం తమ్ముడూ, సిగరెట్లు మానేశానని ఇంట్లో ఒట్టేశావట. నువ్వు మానేశావు గానీ నీ జేబు మానలేదు” అంది. ఆ మాట సాయంత్రానికల్లా వాళ్లావిడ దాకా వెళ్లింది. వారం రోజులు ఆ కానిస్టేబులు మొహం మాడ్చుకుని తిరిగాడు. అయినా చొక్కాలు మాత్రం అత్తకే ఇచ్చాడు. ఆవిడ ఇస్త్రీ చేస్తే చేతి మడత కత్తిలా నిలబడేది మరి.

ఎవరైనా పోలీసుల్ని తిడితే అత్తకి ఒళ్లు మండేది. “వాళ్లూ మనవాళ్లే, మన ఇళ్లల్లో పుట్టినవాళ్లే కదరా. వాళ్లు అక్కడ మేలుకొని ఉంటేనే కదా నువ్వు ఇక్కడ గురక పెట్టేది” అని నోరు మూయించేది. ఇప్పుడు ఈ మాట చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు.

అత్తకి పిల్లల్లేరు. మామయ్య పెళ్లయిన నాలుగేళ్లకే పోయాడు. మా నాన్న ఆవిడకి సొంత తమ్ముడు. మా నాయనమ్మ పోయేనాటికి ఆయనకి ఆరేళ్లు. పెంచింది, చదివించింది, డ్రైవింగు నేర్పించింది, స్కూలు బస్సు డ్రైవరుగా పనిలో పెట్టించింది అత్తే. ఆయనకి నలభై దాటాక కూడా “ఒరేయ్, తల దువ్వుకుని బయల్దేరు” అని చెప్పే హక్కు ఆవిడకే ఉండేది. నేను అప్పుడు కోర్టు పక్కన ఒక జిరాక్స్ షాపులో టైపు పని చేసేదాన్ని. మధ్యాహ్నాలు అత్త దగ్గరికి వెళ్లి తినేదాన్ని. ఈ కథలో సగం నా కళ్ల ముందు జరిగింది. మిగతా సగం నా చేత్తో అర్జీలుగా టైపయింది.

మొదట పాడైనవి నీళ్లు. లాండ్రీ వెనక బోరు ఉండేది. దానికి అర కిలోమీటరు ఎగువన బ్యాటరీల కంపెనీ. ఒక ఎండాకాలం తెల్ల దుప్పట్ల మీద పసుపు చుక్కలు రావడం మొదలైంది. వారానికి ఆ చుక్కలున్న చోట బట్ట పొడి పొడిగా రాలిపోయేది. ఆస్పత్రి దుప్పటి ఒకటి అత్త విదిలిస్తే నడుమ చిరిగి రెండు ముక్కలైంది. ముందు సబ్బు మార్చింది, తర్వాత తొట్టి మార్చింది. ఆఖరికి ఒక తెల్ల గుడ్డ ముక్కని మూడు రోజులు ఉత్త బోరు నీళ్లలో నానబెట్టింది. నాలుగో రోజు దాన్ని వేలితో పొడిస్తే వేలు అవతలికి వచ్చింది.

“కోడలా, ఇది యాసిడే. ఈ నీళ్లే కదా వీధంతా తాగుతున్నది” అంది.

కాలుష్య నియంత్రణ ఆఫీసుకి నేను అర్జీ టైపు చేశాను. రెండు నెలలకి ఒక ఆఫీసరు వచ్చాడు. వచ్చింది కంపెనీ కారులో. కంపెనీ గెస్ట్‌హౌసులో భోంచేసి, మూడు గంటలకి పళ్లు కుట్టుకుంటూ మా వీధిలోకి దిగాడు. చేతిలో రెండు సీసాలు. వీధి చివర మునిసిపాలిటీ కుళాయి కనిపిస్తే అక్కడే వంగి సీసాలు నింపేశాడు.

అత్త పరుగున వెళ్లింది. “సార్, బోరు అటుంది. ఇది వేరే ఊరి చెరువు నుంచి వారానికోసారి వచ్చే కుళాయి నీళ్లు.”

“నీళ్లు నీళ్లేనమ్మా” అన్నాడాయన మూత బిగిస్తూ.

ఫలానా లాండ్రీ వెనక బోరు నీరు పరీక్షించామనీ, తాగడానికి భేషుగ్గా పనికొస్తుందనీ కాగితం వచ్చింది. అత్త ఆ కాగితం ఒక చేత్తో, గాజు గ్లాసులో బోరు నీళ్లు ఒక చేత్తో పట్టుకుని బస్సెక్కి ఆ ఆఫీసుకి వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను. గ్లాసు తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది.

“భేషుగ్గా ఉన్నాయని రాశారుగా. తాగండి సార్.”

ఆయన నీళ్లు నమిలాడు, ఆ నీళ్లు మాత్రం తాగలేదు. ఒక ఫైలు అంచుతో గ్లాసుని మెల్లగా తనకి దూరంగా జరిపాడు. “అమ్మా, ఇక్కడ సీన్లు చేయొద్దు. అప్పీలు చేసుకోవచ్చు” అన్నాడు. ఆ రోజు బస్సు దిగాక అత్త, “చేతికి తడి అంటకుండా అబద్ధం ఆడటం వీళ్ల దగ్గరే చూశాను” అంది. అప్పటికి ఆవిడ కోపం ఆ ఆఫీసు మీదే. ఎదురుగా ఉన్న స్టేషను మీద ఇంకా నమ్మకం ఉంది.

నిజానికి ఆ స్టేషను కూడా అప్పటికే మారిపోయింది. పాత పెంకుల బిల్డింగు కూల్చి కంపెనీ రెండంతస్తుల కొత్తది కట్టించి ఇచ్చింది. లోపల కుర్చీల వీపుల మీద కంపెనీ పేరు. జీపు తలుపు మీద ‘బహూకరణ’ అని కంపెనీ పేరు. ఫిర్యాదు రాసుకోవడానికి ఇచ్చే పెన్ను మీద కూడా అదే పేరు. ఇన్‌స్పెక్టరు కొత్త కుర్రాడిగా ఈ స్టేషనుకి వచ్చినప్పుడు మొదటి యూనిఫాం మీద గుర్తు వేసింది అత్తే. ఆయన ఎంత పెద్దవాడైనా అత్తని ‘అక్కా’ అనే పిలిచేవాడు. అందుకే, వీధిలో జనం కంపెనీ గేటు ముందు కూర్చుంటామన్నప్పుడు అత్త ముందు వెళ్లి ఆయనకి చెప్పి వచ్చింది.

“కూర్చోండక్కా, మీ హక్కు అది. గొడవ చేయకుండా చూసుకోండి. మావాళ్లు ఆరుగురుంటారు” అన్నాడాయన.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి ఎనభై మంది దాకా గేటు ముందు కూర్చున్నాం. చిల్లులు పడిన దుప్పట్లూ చొక్కాలూ తాడు మీద ఆరేశాం. బస్సు ట్రిప్పు అయిపోయాక మా నాన్న కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆయనకి ఇలాంటివి గిట్టవు. అక్క రమ్మంటే వచ్చాడు. స్టేషను నుంచి వచ్చిన ఆరుగురూ గోడ నీడలో నిలబడ్డారు. అందరూ తెలిసినవాళ్లే. ఒకతను అత్తని చూసి నవ్వాడు కూడా.

పదకొండు కావస్తుండగా గేటు లోపలి నుంచి, బయటి నుంచి కాదు, రెండు వ్యాన్లు వచ్చాయి. పోలీసు బట్టల్లో ఉన్నవాళ్లు దిగారు. హెల్మెట్ల అద్దాలు దించుకుని ఉన్నారు. ఎవరి గుండె మీదా పేరు పట్టీ లేదు. విజిలు లేదు, లేచిపొమ్మని ఒక మాట లేదు. దిగినవాళ్లు దిగినట్టే కొట్టడం మొదలుపెట్టారు. గోడ నీడలో నిలబడిన ఆరుగురూ గోడ వైపు తిరిగారు. అది నేను చూశాను. ఏ కోర్టులో అడిగినా చెబుతాను: గోడ వైపు తిరిగారు.

నాన్న ఒక ముసలావిడని లేవదీయబోయాడు. లాఠీ ఆయన ఎడమ కంటి మీద పడింది.

ఆస్పత్రిలో మూడో రోజు డాక్టరు బయటికి వచ్చి, కన్ను దక్కలేదని చెప్పాడు. అదే రోజు పేపర్లో స్టేషను ప్రకటన వచ్చింది. జనం రాళ్లు రువ్వారట, ఆ రాళ్లే జనానికి తగిలాయట, ఆరుగురు పోలీసులు మాత్రమే ఉన్నారట, వాళ్లు ఓర్పుతో వ్యవహరించారట. అత్త ఆ ప్రకటన రెండుసార్లు చదివింది. “ఆరుగురేంటే? వ్యాన్ల లోంచి దిగినవాళ్లు ఎవరు మరి, దేవదూతలా?” అంది.

జవాబు మర్నాడు మూటలో వచ్చింది.

కంపెనీ గెస్ట్‌హౌసు దుప్పట్లు కూడా అత్తకే వచ్చేవి. కంపెనీ సెక్యూరిటీవాళ్ల నీలం యూనిఫాంలు కూడా. గెస్ట్‌హౌసులో గదులు ఊడ్చే మనిషి ఎప్పటిలాగే పెద్ద మూట తెచ్చి పడేసి వెళ్లాడు. దుప్పట్ల నడుమ పోలీసు చొక్కాలున్నాయి. తెలివైనవాళ్లు తెలివిగా చేసిన పనిని, పాపం, ఏమీ తెలియని మనిషి మూట కట్టి తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు. అత్త మనసు ఆస్పత్రిలో ఉంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. స్టేషను బట్టలు కలిసిపోయాయనుకుంది. రక్తం మరకలు కనిపిస్తే అలవాటు కొద్దీ చల్లటి నీళ్లలో ఉప్పు వేసి ఒక్కొక్కటే నానేసి, రుద్ది, జాడించింది. రక్తానికి వేడినీళ్లు పనికిరావు. ఇరవై ఆరేళ్లుగా ఆ చేతులకి తెలిసిన సంగతి అది.

తొమ్మిది చొక్కాలు అయ్యాయి. పదోది తీసి, ఎవరిదో చూద్దామని కాలరు తిరగేసింది. గుర్తు లేదు.

ఇంకోటి తీసింది. లేదు. పిండి పక్కన పెట్టినవన్నీ తిరగేసింది. పద్నాలుగు చొక్కాల్లో ఒక్కదాని మీద కూడా ఆవిడ సిరా లేదు. కాలరు కింద చిన్న పసుపు చీటీ కుట్టి ఉంది. ఆ చీటీ ఆవిడకి కొత్త కాదు. కంపెనీ సెక్యూరిటీవాళ్ల నీలం చొక్కాలకి ఉండే దర్జీ చీటీ అది. స్టేషను బట్టలకి ఏనాడూ లేదు.

నేను అన్నం క్యారేజీతో వెళ్లేసరికి అత్త తొట్టి అంచు మీద కూర్చుని ఉంది. నీళ్లు లేత ఎరుపుగా ఉన్నాయి.

“కోడలా, మీ నాన్న రక్తం నేనే ఉతికేశానే” అంది. “శుభ్రంగా. మరక మిగలకుండా.”

నేను ఏం చెప్పినా చెవిన వేసుకోలేదు. చేతులు ఆ నీళ్లలోనే ఉన్నాయి. కాసేపటికి తనే లేచి, చేతులు తుడుచుకుని, ఇంకా తడపని ఐదింటిలో ఎక్కువ మరక ఉన్నదాన్ని, కుడి చేతి అంచంతా గడ్డకట్టి ఉన్నదాన్ని, తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని మా జిరాక్స్ షాపులో కాగితాల కట్టల వెనక దాచాను. మిగిలిన పదమూడూ ఉతికి, ఇస్త్రీ చేసి, గెస్ట్‌హౌసు మనిషికి ఇస్తూ, ఒకటి ఇస్త్రీ పెట్టె కింద కాలిపోయిందని చెప్పింది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ బట్ట కాల్చింది లేదు. అతను, “ఎవడడుగుతాడులే అక్కా” అని పోయాడు.

గంటలో గెస్ట్‌హౌసు మేనేజరు వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు.

“ఆ కాలిన చొక్కా ఏది?”

“పొయ్యిలో వేశాను.”

“ముక్కలైనా ఇవ్వు.”

“బూడిద కావాలా? పొట్లం కట్టి ఇస్తాను.”

ఆయన దుకాణమంతా ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ నెల నుంచి గెస్ట్‌హౌసు బట్టలు రాలేదు.

నేను వద్దన్నాను. కానీ అత్త నా దగ్గరున్న చొక్కా తీసుకుని ముందు స్టేషనుకే వెళ్లింది. అంతవరకు నమ్మిన మనిషి కదా, ఆ ఒక్క గుమ్మం తొక్కకుండా ఉండలేకపోయింది. ఇన్‌స్పెక్టరు గదిలో చొక్కా పరిచి, కాలరు తిరగేసి చూపించింది.

“చూడు బాబూ. ఇందులో నా గుర్తు లేదు. ఇది మీవాళ్లది కాదు. మీ బట్టలేసుకుని కంపెనీవాళ్లు కొట్టారు. మీ పేరు చెడగొట్టారు. కేసు రాయి.”

ఆయన చొక్కా వైపు ఎక్కువసేపు చూడలేదు. “అక్కా, చొక్కా ఎవరైనా కుట్టించుకోవచ్చు” అన్నాడు.

“పోలీసు చొక్కా ఎవరైనా కుట్టించుకుంటే పట్టుకోవాల్సింది ఎవరు?”

“సరే, ఇది ఇక్కడ పెట్టి వెళ్లు. నేను చూసుకుంటా.”

“రసీదు రాసివ్వు.”

“నా మీద నమ్మకం లేదా?”

అత్త ఆయన కూర్చున్న కుర్చీ వైపు చూసింది. ఆ కుర్చీ వీపు మీద కంపెనీ పేరు ఆయన తల వెనక నుంచి తొంగి చూస్తోంది. చొక్కా మడత పెట్టుకుని చంకలో పెట్టుకుంది. “ఇవాళ పొద్దున దాకా ఉండేది” అని బయటికి వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్లు సోదా అని వచ్చారు. ఒకడు గేటు దగ్గర అత్తని చూసి నవ్వినవాడే. ఇస్త్రీ చేసి పేర్చిన బట్టలన్నీ నేల మీద వేశారు, తొట్లు బోర్లించారు. చొక్కా మళ్లీ మా జిరాక్స్ షాపులో ఉంది కాబట్టి దొరకలేదు. బోరు మోటారు వైరు కోసేసి పోయారు. అత్త గుమ్మంలో నిలబడి వాళ్లని ఉతికి ఆరేసింది, మాటలతో. “మీ లోపలి బనీన్ల చిరుగులు కూడా నాకు తెలుసురా. నా ముందు రొమ్ము విరుచుకోకండి” అంది. రోడ్డు మీద జనం నవ్వారు. కానీ ఎవరూ దగ్గరికి రాలేదు. ఆ వారంలో స్టేషను చొక్కాలు కూడా ఆగిపోయాయి.

నాన్న కన్ను పోయిన సంగతి పేపర్లలో పెద్దదై, ప్రభుత్వం ఒక రిటైర్డు జడ్జితో విచారణ వేసింది. మేమిద్దరం వెళ్లి చొక్కా ఇచ్చాం. మా ఎదుటే కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, రసీదు ఇచ్చారు. పసుపు చీటీ ఉన్నట్టు, కుడి చేతి మీద మరక ఉన్నట్టు రసీదులో రాయించింది అత్త. గుమాస్తా విసుక్కున్నాడు. “రాయి నాయనా, సిరా మీ ఇంటిది కాదుగా” అంది.

ఐదు నెలలకి హాజరు కమ్మని పిలుపు వచ్చింది. పాత కలెక్టరాఫీసులో ఒక హాలు. ఒక పక్క పోలీసుల వకీలు, పక్కనే కంపెనీ వకీలు. ఇద్దరూ ఒకే కారులోంచి దిగడం మేము చూశాం. జడ్జి గారు కవరు తెరిపించారు. ముద్ర చెక్కు చెదరలేదు. లోపలి నుంచి చొక్కా తీసి అత్త చేతికిచ్చారు.

అత్త దాన్ని ముట్టుకోగానే మొహం మారిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఇదేనా మీరిచ్చింది?” అన్నారు జడ్జి.

“చొక్కా ఇదే సార్. కానీ ఎవరో ఉతికారు. ఇస్త్రీ కూడా చేశారు.”

కంపెనీ వకీలు నవ్వాడు. “లాండ్రీ ఆవిడ కదా సార్, ఏది చూసినా ఉతికినట్టే కనిపిస్తుంది.”

హాల్లో నవ్వులు. అత్త అవి ఆగేదాకా ఊరుకుంది.

“వకీలు గారూ, ఉతికినదేదో ఉతకనిదేదో తెలియకపోతే ఇన్నేళ్లు నా పొయ్యి వెలిగేది కాదు. సార్, ఇక్కడ చూడండి, కాలరు కింద. వరసగా సూది రంధ్రాలు. ఇక్కడో పసుపు చీటీ ఉండాలి, రసీదులో రాసి ఉంది. పీకేశారు. ఇక చెయ్యి చూడండి. రక్తాన్ని వేడినీళ్లలో వేస్తే మరక పోదు, దారంలోకి దిగి కూర్చుంటుంది. ఎవరో చేతకానివాళ్లు వేడినీళ్లలో వేశారు.”

కిటికీ దగ్గరికి నడిచి, చొక్కా కుడి చేతిని వెలుతురుకి అడ్డంగా చాపి పట్టుకుంది. మోచేతి నుంచి అంచు దాకా గోధుమ రంగు నీడ తేలింది. జడ్జి గారు కుర్చీలోంచి లేచి వచ్చారు. కళ్లజోడు తీసి, దగ్గరగా చూశారు.

“కనిపిస్తోంది” అన్నారు.

ఆ మాట హాలంతా విన్నది. నేను విన్నాను, నాన్న విన్నాడు. ఆ కవరు ఇన్నాళ్లు ఎక్కడుందని అత్త అడిగింది. విచారణ ఆఫీసులో బీరువా లేనందువల్ల స్టేషను స్టోరు గదిలో పెట్టామని గుమాస్తా చెప్పాడు. జడ్జి గారు తల దించుకుని ఏదో రాసుకున్నారు.

అప్పుడే అత్త, అడగకపోయినా, ఇంకో మాట చెప్పింది. ఆవిడకి అది చెప్పకపోతే నిద్ర పట్టదని నాకు తెలుసు. “నేను ఉతికి ఉంటే మీకు ఈ మాత్రం కూడా దొరికేది కాదు సార్. ముందు చేతికొచ్చిన తొమ్మిది చొక్కాలూ తెలియక నేనే ఉతికాను. తర్వాత, అనుమానం రాకుండా మిగతా నాలుగూ ఉతికి ఇచ్చేశాను.”

పోలీసుల వకీలు చటుక్కున లేచాడు. “ఈ ఒప్పుకోలు నమోదు చేయాలి సార్.”

నమోదైంది. ఏడాదిన్నరకి రిపోర్టు బయటికి వచ్చింది. నేనే జిరాక్స్ తీశాను, మూడు వందల పేజీలు. గేటు దగ్గర ఎవరు కొట్టారో నిర్ధారించడం సాధ్యం కాలేదట. ‘కనిపిస్తోంది’ అన్న మాట ఎక్కడా లేదు. చొక్కా గురించి ఒకే పేరా ఉంది: సాక్షి స్వయంగా పదమూడు చొక్కాలు ఉతికి సాక్ష్యాలను రూపుమాపినట్టు అంగీకరించినందున ఆమె వాంగ్మూలాన్ని పరిగణనలోకి తీసుకోలేకపోతున్నాము. మూడు వందల పేజీల్లో తప్పు చేసినట్టు తేలిన మనిషి ఒక్కరే, మా అత్త.

ఆవిడ ఆ పేరా నా చేత రెండుసార్లు చదివించుకుంది. ఏడవలేదు. “వాళ్లకి చేతకాని ఉతుకు ఇక్కడ బాగానే చేశారు” అంది. ఆ తర్వాత ఆవిడ నోట ‘మనవాళ్లు’ అన్న మాట పోలీసుల గురించి రాలేదు. వాళ్లు ఎదురైతే రోడ్డు దాటేది కాదు, నడి రోడ్డు మీద ఆగి, వాళ్లే పక్కకి తప్పుకునేదాకా కదిలేది కాదు.

రోడ్డు వెడల్పు చేయాలని నోటీసు వచ్చింది. ఆ వరసలో పదకొండు దుకాణాలుంటే, వెడల్పుకి అడ్డొచ్చింది అత్తదొక్కటే. కూల్చిన చోట ఇప్పటికీ రోడ్డు వేయలేదు, స్టేషను జీపు ఆపుకుంటారు. అత్త తొట్లూ ఇస్త్రీ బల్లా మా ఇంటి వరండాలోకి వచ్చాయి. ఒక కన్నుతో లైసెన్సు పోయిన నాన్న, ఆవిడ పక్కన నిలబడి బట్టలు మడత పెట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో అంచులు కలిసేవి కాదు. అత్త విప్పి మళ్లీ పెట్టించేది గానీ తను మడత పెట్టి ఇచ్చేది కాదు.

ఆరేళ్లు గడిచాయి. ఒక ఉదయం మా గుమ్మం ముందు కారు ఆగింది. పాత ఇన్‌స్పెక్టరు దిగాడు. రిటైరయ్యాడు. ఇప్పుడు కంపెనీలో సెక్యూరిటీ సలహాదారు. చేతిలో పళ్ల బుట్ట ఉంది.

“బాగున్నావా అక్కా?”

“అక్కని అక్కడే, స్టేషను గుమ్మంలో వదిలేసి వచ్చాను. ఏం కావాలి?”

ఆయన వరండా మెట్టు మీద నిలబడే మాట్లాడాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. కంపెనీ రెండో ప్లాంటు కడుతోంది. వచ్చే నెల ప్రజాభిప్రాయ సభ. “పాత సంగతులు ఎత్తకుండా ఉంటే మీ తమ్ముడికి గేటు దగ్గర ఏదైనా కూర్చునే పని చూస్తాను. నీ మంచికే చెబుతున్నా.”

నాన్న మడత పెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అత్త ఇస్త్రీ పెట్టె పక్కకి పెట్టింది.

“ఆ గేటు దగ్గరేనా? వాడు కన్ను పారేసుకున్న చోటే కుర్చీ వేస్తావా? బాబూ, నీ మొదటి చొక్కా మీద గుర్తు వేసింది ఈ చెయ్యే. ఆ రోజు నువ్వు ఎవరి మనిషివో నాకు తెలిసి ఉంటే, సిరా కాలరు లోపల కాదు, బయట వేసేదాన్ని. ఆ బుట్ట తీసుకుపో. మెట్టు మీద పెట్టావంటే రోడ్డు మీద దొర్లిస్తాను.”

ఆయన పెట్టాడు. ఆవిడ దొర్లించింది.

సభ కంపెనీ షెడ్డులోనే పెట్టారు. గుమ్మంలో పోలీసులు జాబితా పట్టుకుని నిలబడి, పేరుంటేనే లోపలికి అన్నారు. జాబితాలో ఉన్నవాళ్లంతా కంపెనీ వ్యాన్లలో దిగినవాళ్లు. అత్త గుమ్మంలోంచి కదలకుండా నిలబడి, “ప్రజాభిప్రాయం అని బ్యానరు కట్టారు. నేను ప్రజని కానా? కాదని రాసివ్వండి, పోతాను” అంది. వెనక మా వీధి నుంచి రెండు వందల మందికి పైగా ఉన్నారు. ఫొటోలు తీసేవాళ్లు పోగయ్యేసరికి తలుపు తెరిచారు.

మైకు ఆవిడకి ఇవ్వలేదు. అభ్యంతరాలు రాసే పుస్తకం ఒకటి బల్ల మీద ఉండాలని చట్టంలో ఉంది. ఆవిడ వెళ్లి ఆ పుస్తకం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదటి అభ్యంతరం తనది. తర్వాత నాన్నది. ఒక్కొక్కరే వచ్చి రాస్తుంటే పేజీ నంబరు తనే వేసింది. సాయంత్రం ఐదు దాకా మంచినీళ్లకి కూడా లేవలేదు. తొంభై నాలుగు పేజీలు నిండాయి. ఆఖరి పేజీ మీద ఆఫీసరు చేత సంతకం పెట్టించింది. నేను అన్ని పేజీలూ ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

రెండో ప్లాంటుకి అనుమతి ‘పునఃపరిశీలనకు వాయిదా’ అని మూడు వారాలకి వార్త వచ్చింది. వీధిలో కొందరు గెలిచామన్నారు. “వాయిదా అంటే వాళ్లు ఊపిరి పీల్చుకుంటున్నారని. మీరు అప్పుడే పీల్చకండి” అంది అత్త. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఆ పుస్తకం నకలు ఇమ్మని ఆఫీసుకి వెళ్లింది.

గుమాస్తా మంగళవారం రమ్మన్నాడు. అత్త గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుంది. “మంగళవారం దాకా ఇక్కడే ఉంటాను” అంది. మధ్యాహ్నం రెండున్నరకి నకలు తెచ్చి ఇచ్చారు. ఆవిడ వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పింది. తొంభై రెండు ఉన్నాయి. మొదటి రెండూ, తనదీ నాన్నదీ, లేవు.

నేను ఫోను తీసి ఆ పేజీల ఫొటోలు గుమాస్తాకి చూపించాను. ఆయన లోపలికి వెళ్లాడు. అత్త చెప్పులు విప్పి, కాళ్లు పైకి మడుచుకుని, బల్ల మీద సర్దుకుని కూర్చుంది.